నలభై ఒకటో నంబరు

తలుపు పక్కన గోడకు బిగించిన యంత్రం నా ముఖం చూసి ఈ మధ్యాహ్నం కూడా "థాంక్యూ, జ్యోత్స్న" అంది. ఆ పేరు నాది కాదని రోజూలాగే మనసులో అనుకుని వచ్చి కిటికీ పక్క సీట్లో కూర్చున్నాను. ఇంకొక్క గంట. గంట కొట్టాక అందరూ బయటికి వెళ్తూ మళ్ళీ ఆ యంత్రానికి ముఖాలు చూపిస్తారు, ఇళ్ళకు మెసేజులు వెళ్తాయి, ఆ తర్వాత స్వప్న మేడమ్ స్టాఫ్ రూములో కూర్చుని నా పేరు సరిచేస్తారు. అప్పుడు హాల్‌టికెట్టు మీద నవనీత అని వస్తుంది. ఇవాళ సరిచేయించుకోకపోతే జ్యోత్స్న అని వస్తుంది, ఆ కాగితంతో నన్ను పరీక్ష హాల్లోకి రానివ్వరు, ఏడాది పోతుంది. కాబట్టి ఆలోచించడానికి ఏమీ లేదు, పిచ్చిదాన్నేమీ కాదు నేను. కిటికీ అవతల అద్దాల బిల్డింగు, దాని మీద సగం ఎండ, పైన కదలని క్రేను. ఆ అద్దాల్లో మా కాలేజీ కిటికీలు తలకిందులు కాకుండా అచ్చంగా కనిపిస్తాయి. మొదట్లో అందులో మా క్లాసు ఎక్కడుందో, నా తల ఎక్కడుందో వెతుక్కోవడం నాకు సరదాగా ఉండేది. ఈ మధ్య అటు చూడడం మానేశాను.

ఒక మనిషి ఇంకో మనిషిలో కలిసిపోకుండా కాపాడేది కీ, అంటున్నారు డేటాబేస్ పాఠం చెబుతున్న స్వప్న మేడమ్. పేర్లు కలుస్తాయి, ఊళ్ళు కలుస్తాయి, పుట్టినరోజులు కలుస్తాయి, నంబరు మాత్రం కలవకూడదు. బోర్డు మీద పట్టిక గీశారు, అడ్డంగా వరసలు, వరసకో మనిషి. "ఒకసారి ఒకళ్ళకి ఇచ్చిన కీ మళ్ళీ ఇంకొకళ్ళకి ఇవ్వకూడదు. వాళ్ళు వెళ్ళిపోయినా సరే ఇవ్వకూడదు. ఎందుకు?" ముందు బెంచీలు పుస్తకం తిప్పుతున్నాయి, వెనక బెంచీలు ఒళ్ళో ఫోన్లు చూసుకుంటున్నాయి. ఈ ఎందుకుకి జవాబు ఈ క్లాసులో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు, అయినా చెయ్యెత్తలేదు. డిప్లొమా చేసి నేరుగా సెకండియర్‌లో చేరిన రోజున ఆఫీసులో గుమాస్తా యాదగిరి నా కాగితాలు తిరగేసి, కంప్యూటర్లో చూసి, నీ నంబరు నలభై ఒకటి అన్నాడు. తెర మీద పేరు వేరే ఉందని నేను చూపిస్తే విసుక్కున్నాడు. "ఏందమ్మా, గిట్ల పరేషాన్ అయితవ్? ఆ నంబర్ ఖాళీ ఉండె, నీకిచ్చిన. కొత్తది తీయాల్నంటే పైకెల్లి పర్మిషన్ రావాలె. పేరు తర్వాత మారుస్తం తియ్యి." ఎవరో కాలేజీ మారిపోయి ఉంటారు అనుకున్నాను. కిరాయికి దిగిన ఇంట్లో పాతవాళ్ళ క్యాలెండరు గోడకి మిగిలిపోవడం లాంటిదే కదా, మేకు మీంచి తీసి పడేస్తే సరి.

మొదటిరోజు యంత్రం ఆ పేరు పలికినప్పుడు నేను నవ్వాను. నాతో ఎవరూ నవ్వలేదు. క్లాసు క్లాసంతా తలలెత్తి తలుపువైపు చూసింది. ఆ చూపులు నా మీద కాదు, నా వెనక ఎవరైనా ఉన్నారా అని. కిటికీ పక్క సీటు ఒక్కటే ఖాళీగా ఉంది, వచ్చి అందులో కూర్చున్నాను, పక్కనున్న కిరణ్మయి తన పుస్తకాలు దగ్గరికి లాక్కుంది. వారం దాకా నా ముఖం చూడలేదు ఆ పిల్ల. ఆ తర్వాత ఒకరోజు తనంతట తనే చెప్పింది, పుస్తకం లోంచి తల ఎత్తకుండా. ఇక్కడ జ్యోత్స్న కూర్చునేదని, మొన్న మేలో మదీనాగూడ దగ్గర బొంబాయి రోడ్డు దాటుతుంటే లారీ కొట్టిందని, తను కూడా పక్కనే ఉందని, తను దాటేసిందని. తను దాటేసింది అన్న మాట రెండుసార్లు అంది. నా హాస్టలు మదీనాగూడలోనే. ఆ సాయంత్రం రోడ్డు ఇవతల చాలాసేపు నిలబడి, ఎవరో ముసలాయన దాటుతుంటే ఆయన నీడలో దాటాను.

జ్యోత్స్న వాళ్ళమ్మ సరోజమ్మగారు గొడవ పెట్టుకోవడానికే వచ్చారట కాలేజీకి. పోయిన పిల్ల వచ్చిందని మెసేజులు పంపుతారా, మీకు మనసుందా, అని అడిగేద్దామని లింగంపల్లి నుంచి ఆటో ఎక్కి, దారంతా మాటలు కూర్చుకుని వచ్చారట. తీరా గేటు దగ్గర పిల్లలు గుంపులు గుంపులుగా బయటికొస్తుంటే ఆవిడ ఆ మాటలన్నీ మరిచిపోయారు. వాచ్‌మన్‌ను బతిమాలి, నన్ను చూపించుకుని, గొడుగు మడుస్తూ దగ్గరికొచ్చారు. "నలభై ఒకటో నంబరు నీదేనా అమ్మా?" నాకు భయం వేసింది, అబద్ధమూ చెప్పలేకపోయాను. ఆవిడ నన్ను ఆపాదమస్తకం చూశారు. పోలికలేమీ లేవు, ఉంటాయని నేనూ భయపడ్డాను, కిరణ్మయి చూపించిన ఫొటోలో జ్యోత్స్న తెల్లగా పొడుగ్గా ఉంటుంది, నేనేమో మా నాన్న లాగా నల్లగా పొట్టిగా ఉంటాను. ఇంటికి తీసుకెళ్ళి దిబ్బరొట్టె పెట్టారు. స్టేషను వెనక ఇల్లు, రైలు వచ్చినప్పుడల్లా అలమారలో గ్లాసులు గలగలమంటాయి. వాళ్ళాయన వెంకటరామయ్యగారు టీవీ గొంతు నొక్కేసి బొమ్మలు చూస్తున్నారు. ఆవిడ ఫోను తీసి మెసేజులు చూపించారు. ఇంగ్లీషు చదవడం రాదు, పేరూ, ప్రెజెంట్ అన్న మాటా రెండే గుర్తుపట్టడం నేర్చుకున్నారు. ఆ రెండూ కనపడితే చాలు, మిగతాది ఏం రాసినా ఫర్వాలేదు అన్నారు. నేను ఆఫీసులో చెప్పి మార్పించుకుంటానంటే నా చెయ్యి పట్టుకున్నారు. "కొన్నాళ్ళు ఉండనీ అమ్మా. నువ్వు మానకుండా వెళ్తే చాలు." టీవీ ముందు నుంచి ఆయన మాట్లాడిన మాట ఆ ఒక్కటే నేను విన్నది. "సరోజా, ఆ పిల్లని వదిలెయ్."

వదల్లేదు, నేనూ వదిలించుకోలేదు. రోజూ గంట కొట్టి నేను కిందికి దిగేసరికి ఫోను. వచ్చిందమ్మా మెసేజు, అన్నం తిన్నావా, రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూసుకో. అవే మాటలు, అదే వరసలో. కళ్యాణదుర్గంలో బోరు మోటార్లు బాగుచేసే మా నాన్న ఆ తర్వాత చేసేవాడు. "ఏం పాపా, అందరి నాయన్లకీ మెసేజులు వస్తాండాయంట, నాకేల రాలేదు? కాలేజీకి పోతాండావా, యాడన్నా తిరుగుతాండావా?" పోతాండా నాయనా, ఒక్కరోజు కూడా మానలేదు, అంటే ఆయన నమ్మినట్టే ఊకొట్టేవాడు, ఆ ఊకొట్టడంలో నమ్మకం లేదని నాకు తెలుస్తుంది. నా హాజరంతా ఇంకొకరింటికి పోతోందని ఆయనకెలా చెప్పను. రానురాను కొన్ని నాకే ఎబ్బెట్టుగా అనిపించడం మొదలైంది. ఒకరోజు క్లాసు మధ్యలో నా నోట్లో ఏదో గట్టిగా తగిలింది, చూస్తే పెన్ను మూత, అంచంతా పళ్ళ గాట్లు. నాకా అలవాటు చిన్నప్పుడు కూడా లేదు. సరోజమ్మగారికి సరదాగా చెప్పానంతే. ఇంట్లో జ్యోత్స్న పెన్నుల్లో మూత సరిగ్గా ఉన్నది ఒక్కటీ లేదట.

తెర దించి ప్రొజెక్టరు వెలిగించారు మేడమ్. ఇప్పుడు నల్ గురించి చెబుతున్నారు. గడి ఖాళీగా ఉందంటే సున్నా అని కాదు, లేదు అని కూడా కాదు, తెలియదు అని. తెలియనిదాన్ని ఇంకో తెలియనిదానితో పోల్చి రెండూ ఒకటేనా అని అడిగితే యంత్రం అవునూ అనదు, కాదూ అనదు. నాకు ఇలాంటివి ఎక్కవు అనుకునేదాన్ని, ఇది మాత్రం చెప్పగానే ఎక్కింది. జ్వరం వచ్చిన రోజు అలాంటిదే. ఒళ్ళు కాలిపోతుంటే హాస్టలు గదిలో దుప్పటి కప్పుకుని పడుకున్నాను, కాలేజీకి వెళ్ళలేదు, కాలు కింద పెట్టలేదు, వార్డెను తెచ్చిన గంజి తాగి మాత్ర వేసుకున్నాను. సాయంత్రం అవుతున్నకొద్దీ జ్వరం కంటే భయం ఎక్కువైంది. ఆవిడ ఫోను చూసుకుంటారు, ప్రెజెంట్ ఉండాల్సిన చోట తనకు రాని మాట ఏదో ఉంటుంది, ఎవరి చేతనో చదివించుకుంటారు. ఫోను మోగితే ఎత్తబుద్ధి కాలేదు, ఎత్తాను. "వచ్చిందమ్మా మెసేజు. అన్నం తిన్నావా?" ఊఁ అన్నాను. నన్ను ఊరుకోబెట్టడానికి అబద్ధం చెప్పారేమో అనుకుని, ఆవిడ మంచితనానికి ఏడ్చుకుని పడుకున్నాను. మర్నాడు క్లాసులో కిరణ్మయి చెయ్యి చాపింది. "నిన్న తీసుకున్న పెన్ను ఇస్తావా?" నేను రాలేదు కదే నిన్న, అన్నాను. అది నవ్వబోయింది, నా ముఖం చూసి ఆగిపోయింది. ముఖం చూడలేదు నేను, అంది నెమ్మదిగా, నువ్వు తల దించుకుని రాసుకుంటున్నావు, పెన్ను అడిగితే ఇచ్చాను. ఇద్దరం కలిసి సొరుగులో చూశాం. పెన్ను అక్కడే ఉంది, మూత నమిలేసి ఉంది. కిరణ్మయి దాన్ని తీసుకోలేదు, నేనూ ముట్టుకోలేదు, ఇప్పటికీ నా మోకాలి ముందు ఆ సొరుగులోనే ఉంది.

పుస్తకంలో తల్లి పట్టిక, పిల్ల పట్టిక అని ఉంటాయి. తల్లి వరసను తీసేస్తే దాన్ని పట్టుకుని ఉన్న పిల్ల వరసలన్నీ వాటంతట అవే పోతాయి, అలా ఏర్పాటు చేసుకోవచ్చు. మరి పిల్ల వరసను తీసేస్తే? "తల్లికేం కాదు, అలాగే ఉంటుంది," అన్నారు మేడమ్, చాలా తేలిగ్గా, తర్వాతి పేజీకి వెళ్తూ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు, ఆ ముక్క రాసిపెట్టినవాళ్ళ మీద. వాళ్ళెవరూ దిబ్బరొట్టె మాడుతున్నా పట్టించుకోకుండా ఫోను వైపు చూస్తూ కూర్చున్న సరోజమ్మగారిని చూసి ఉండరు. నిన్న సాయంత్రం ఆవిడకు ఫోనులోనే చెప్పేశాను, హాల్‌టికెట్ల సంగతి, పేరు మారిపోయే సంగతి. ఆవిడ వెనక రైలు ఒకటి పూర్తిగా వెళ్ళిపోయింది. తర్వాత, నీ పరీక్ష ముఖ్యం అమ్మా, చేయించుకో, అన్నారు. పెట్టేస్తారనుకున్నాను. "ఒక్కటి అడుగుతాను. రేపటి మెసేజు వచ్చాక చేయించుకో. ఆఖరుదని తెలిసి చూసుకుంటాను. ఆ వేళ అలా తెలియలేదు నాకు." అలాగేనండీ, మాటిస్తున్నాను, అన్నాను. అందుకే ఈ గంట గడవాలి, గంట కొట్టాలి, ఈ ముఖంతో ఆఖరిసారి ఆ పేరు పలికించుకుని బయటికి వెళ్ళాలి.

"నవనీతా, నీ కరెక్షన్ ఉంది కదా, ఇక్కడే చేసేద్దాం," అన్నారు మేడమ్.

గంట ఇంకా కొట్టలేదు, మెసేజు ఇంకా వెళ్ళలేదు. అటెండెన్సు పట్టిక మా సీనియర్లు తయారుచేసింది, దాన్ని చూసుకునేది మేడమే, అప్‌డేట్ నేర్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముందని ఆవిడ ఉత్సాహం. ఈ జూన్‌లో చేరారు, ఆవిడకేం తెలుసు, గుమాస్తా చేసిన పొరపాటు అనుకుంటున్నారు. "చూడండి, ఎవరి వరసో చెప్పడం మర్చిపోయి రన్ చేస్తే ఏమవుతుంది? అందరి పేరూ నవనీత అయిపోతుంది." ఒకరిద్దరు నవ్వారు. నలభై ఒకటి అని టైపు చేశారు. తెర మీద ఒక్క వరస వచ్చింది. జ్యోత్స్న, లింగంపల్లి, సరోజమ్మగారి ఫోను నంబరు, పుట్టినరోజు. క్లాసులో నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. నేను చేరిన రోజు నుంచి హాజరు కూడా తెప్పించారు మేడమ్, పొడుగ్గా కిందికి దిగింది, వరసన అన్నీ ప్రెజెంట్. "ఒక్క ఆబ్సెంట్ కూడా లేదే, గుడ్," అన్నారు నా వైపు చూసి. కిరణ్మయి బెంచీ కింద నా చెయ్యి పట్టుకుంది, దాని చెయ్యి చల్లగా ఉంది. జ్వరం రోజు తేదీ కూడా అక్కడ ఉంది, దాని పక్కనా అదే మాట. సరోజమ్మగారు అబద్ధం చెప్పలేదు.

"ఇంతకీ ఈ జ్యోత్స్న ఎవరు? సెక్షన్ మారిందా?"

కిరణ్మయే లేచింది. "చనిపోయింది మేడమ్. మేలో. రోడ్డు దాటుతుంటే."

మేడమ్ చేతులు కీబోర్డు మీంచి ఒళ్ళోకి దిగిపోయాయి. అప్పటికే మార్పు టైపు చేసేశారు, తెర మీద ఉంది, జ్యోత్స్న స్థానంలో నవనీత, సరోజమ్మగారి నంబరు స్థానంలో మా నాన్నది, ఒక్క మీట నొక్కితే అయిపోతుంది. ఐయామ్ సారీ, అన్నారు ఎవరితోనో. నా వైపు చూశారు. "రన్ చేయనా నవనీతా? హాల్‌టికెట్లు ఇంకాసేపట్లో తీస్తారు, లేటైతే నా చేతుల్లో ఉండదు." చేయండి అనడమే. మా నాన్న గ్రీజు చేతులతో ఫోను తీసి, పాప కాలేజీకి పోయిందంట అని షాపుకొచ్చిన ప్రతివాడికీ చూపిస్తాడు. చేయండి అంటే ఈ వరస నేనైపోతుంది, మేలో పోయిన పిల్ల చదివిన ఫస్టియరు కూడా నాదైపోతుంది, ఇవాళ సాయంత్రం లింగంపల్లికి ఏమీ వెళ్ళదు, ఆఖరుది కూడా వెళ్ళదు, నేనిచ్చిన మాట ఏమైనట్టు? నేను కిటికీవైపు చూశాను, చూడకూడదనుకుంటూనే. ఎదుటి అద్దంలో మా కిటికీ కనిపించింది, అందులో కిరణ్మయి నిలబడి ఉంది, పక్కన నేను కూర్చుని ఉన్నాను, నా పక్కన తల దించుకుని ఇంకొకరు.

"వద్దు మేడమ్," అన్నాను. లేచి నిలబడ్డానని తర్వాత తెలిసింది. "నాకు చివర్లో కొత్త నంబరు ఇవ్వండి. ఇది ఆ అమ్మాయిది. మీరే అన్నారు కదా, ఒకసారి ఒకళ్ళకి ఇచ్చింది ఇంకొకళ్ళకి ఇవ్వకూడదని."

టైపు చేసిన మార్పును మేడమ్ చెరిపేశారు. పర్మిషన్ సంగతి నేను చూసుకుంటాను అన్నారు. "కానీ నీ ముఖం కొత్త నంబర్‌కి వెళ్ళిపోతుంది. ఈ వరసలో ఇంకెవరూ రారు. సాయంత్రం వాళ్ళింటికి ఆబ్సెంట్ అని వెళ్తుంది నవనీతా, పాపం అది ఎంత దారుణం. ఇన్‌యాక్టివ్ అని పెట్టేస్తాను, మెసేజులు ఆగిపోతాయి."

"ఇవాళ్టికి అలాగే వదిలేయండి మేడమ్."

ఎంత మొండిదాన్ని నేను. నమిలిన పెన్ను మూత ఒక్కటి నమ్ముకుని ఒక తల్లి ఆఖరి మెసేజుతో ఆడుకుంటున్నాను. మేడమ్ ఇంకేమీ అనకుండా పట్టిక అడుగున కొత్త వరస చేర్చారు, నవనీత, కళ్యాణదుర్గం, మా నాన్న నంబరు, ఒక వరస చేరింది అని తెర చెప్పింది. పైన నలభై ఒకటి అలాగే ఉంది. గంట కొట్టింది. ఎవరూ రోజూలా తోసుకోలేదు, ఒక్కొక్కరే వెళ్ళి ముఖాలు చూపించారు, యంత్రం ఒక్కొక్కరికే థాంక్యూ చెప్పింది. మేడమ్ లాప్‌టాప్ మూసి, లైట్లు ఆర్పి, నా భుజం తట్టి వెళ్ళిపోయారు. నా వంతు వచ్చింది. "థాంక్యూ, నవనీత." ఈ మాట కోసం ఎన్నాళ్ళు చూశానో, వినగానే ఎగిరి గంతేస్తాననుకున్నాను, ఒళ్ళు తేలికైంది గానీ దాంతోపాటు ఏదో చలి. కిరణ్మయి కూడా కదల్లేదు. ఇద్దరం వరండాలో నిలబడి ఖాళీ క్లాసులోకి చూస్తున్నాం. ఎండ బెంచీల మీంచి నేల మీదికి దిగింది. యంత్రం తెర నల్లగా ఉంది. ఎవరి కోసం చూస్తున్నామో ఒకరినొకరం అడగలేదు. ఎంతసేపని నిలబడతాం, ఊడ్చే ఆవిడ బకెట్టు పెట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చేసింది, సరోజమ్మగారు ఈపాటికి తనకు చదవడం రాని ఆ మాటను ఎవరికో చూపిస్తూ ఉంటారు, నాకు ఏడుపు పొంగుకొచ్చింది, చేతులారా చేశాను, అని కిరణ్మయితో అన్నాను.

అప్పుడు యంత్రం తెర వెలిగింది, ఎవరైనా దగ్గరికి వస్తే వెలిగినట్టే.

"థాంక్యూ, జ్యోత్స్న."

కిరణ్మయి గోడవైపు జరిగి దారి ఇచ్చింది. నేనూ జరిగాను. నా చేతిలో ఫోను మోగడం మొదలైంది.

"వచ్చిందమ్మా మెసేజు," అన్నారు సరోజమ్మగారు.

"ఇవాళ నేను కాదండీ," అన్నాను. "నేనూ కిరణ్మయీ బయట వరండాలో ఉన్నాం."

"తెలుసమ్మా. నీకు జ్వరం వచ్చిన రోజునే తెలుసు. ఊఁ అన్నావు చూడు, ఆ గొంతు వింటే తెలియదా, నువ్వు మంచం దిగలేదని." ఆవిడ వెనక రైలు వస్తోంది, గ్లాసులు గలగలమంటున్నాయి. "చీకటి పడకముందే బయల్దేరండి. రోడ్డు మీ ముగ్గురూ కలిసి దాటండమ్మా."